స్టీరింగ్‌లో ఆట: బాక్సు జోలికి చివర్లో వెళ్ళండి

ప్రశ్న: నాది 2004 జిప్సీ. స్టీరింగ్ మూడు అంగుళాలు తిప్పితే గానీ చక్రాలు కదలవు. మెకానిక్ స్టీరింగ్ బాక్సు (స్టీరింగ్ తిప్పుడును చక్రాల కడ్డీలకు అందించే గేర్ల పెట్టె) మీది స్క్రూ బిగించాక, మలుపు తిరిగిన తర్వాత స్టీరింగ్ దానంతటది వెనక్కి రావడం లేదు.

జవాబు: ముందు ఆ స్క్రూ పాత చోటికి వదులు చేయించండి. బాక్సులో పళ్ళు మధ్యలోనే, అంటే స్టీరింగ్ నేరుగా ఉన్నప్పుడు ఆనే చోటే, ఎక్కువ అరుగుతాయి. అక్కడి ఆట (వదులు) పోయేదాకా బిగిస్తే పక్కలకు తిప్పినప్పుడు పట్టేస్తుంది. మలుపులో అది ప్రమాదం.

బండి నేల మీదే ఉంచి, ఇంజిన్ ఆపి, ఒకరిని స్టీరింగ్ అటూ ఇటూ కొద్దికొద్దిగా ఊపమనండి. మీరు కింద స్టీరింగ్ కడ్డీల చివర ఉండే ఒక్కో బాల్ జాయింట్ మీద వేలు ఆనించండి. అరిగినది టక్కుమని వేలికి తెలుస్తుంది. దానికి గ్రీజు మందు కాదు, మార్చాల్సిందే. నట్టు ఊడకుండా ఆపే స్ప్లిట్ పిన్ కొత్తది వేయించి, టో-ఇన్ (ముందు చక్రాలు ముందువైపు కాస్త లోపలికి తిరిగి ఉండే కొలత) చూపించండి.

తర్వాత ముందు చక్రం జాకీతో లేపి, యాక్సిల్ కింద స్టాండు పెట్టి, టైరును పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే ఒకరిని బ్రేకు నొక్కమనండి. ఆట పోతే వీల్ బేరింగు, పోకపోతే కింగ్‌పిన్ (చక్రం పక్కలకు తిరిగే ఇరుసు) బేరింగు.

కొత్త స్టీరింగ్ డ్యాంపర్ (కుదుపులను అణచే షాక్ అబ్జార్బర్ లాంటిది) వణుకును దాస్తుందంతే, ఆటను తగ్గించదు.

ఎత్తు కోసం ముందు పొడవు షాకిల్స్ (కమాను పట్టీలను ఛాసిస్‌కు కలిపే బద్దలు) వేయించారా? అయితే కాస్టర్ (కింగ్‌పిన్ వెనక్కి వాలిన కోణం) తగ్గి, స్టీరింగ్ వెనక్కి రాకపోవడానికి అదీ కారణమే. పట్టీలకూ యాక్సిల్‌కూ మధ్య ఏటవాలు షిమ్ములు (లోహపు బిళ్ళలు) పెట్టి సరిచేయాలి.