ప్రార్థనకు టైం దొరుకుతుంది, బన్ను తినడమే కష్టం

ప్రశ్న: ఎవరిళ్లలో వాళ్లు ఉంటూనే ఒకే నియమావళి పాటించే క్రైస్తవ సంఘాలు ఉన్నాయట కదా. రోజూ ప్రార్థన, సేవ, కానుక... ఉద్యోగం, పిల్లలు ఉన్నవాళ్లకు ఇవన్నీ నిజంగా కుదురుతాయా?

కుదురుతాయి. నేను 11 ఏళ్లుగా సెక్యులర్ ఫ్రాన్సిస్కన్‌ని. ఇటలీలోని అస్సీసి ఊరి పునీతుడు ఫ్రాన్సిస్ గారి పేరున సన్యాసులకు, సన్యాసినులకు తర్వాత మాలాంటి సంసారులకు ఉన్న సంఘం ఇది; మూడో సభ అంటే మా అమ్మ తరం వాళ్లకు తెలుస్తుంది. మఠం లేదు, సన్యాసుల అంగీ లేదు. నాకు భార్య, ఇద్దరు పిల్లలు, హోంలోను, హైస్కూల్లో లెక్కల మాస్టారి ఉద్యోగం అన్నీ ఉన్నాయి. కనీసం ఏడాది శిక్షణ అయ్యాక ఈ నియమావళి ప్రకారం బతుకుతామని గుళ్లో, అంటే చర్చిలో, అందరి ముందూ మాట ఇస్తాం, ఆ మాట జీవితాంతం. నెలకోసారి కలుస్తాం, మిగతా రోజులు ఎవరి కొంపలో వాళ్లు. మా సంఘం పెద్దని ‘మినిస్టర్’ అంటాం, పరిచారకుడు అనే అర్థంలో. ఓసారి ‘సాయంత్రం మా మినిస్టర్ ఇంటికొస్తున్నారు’ అని ఫోన్లో చెబుతుంటే విని, పక్కింటాయన పింఛను అర్జీ పట్టుకుని వచ్చి కూర్చున్నాడు. వచ్చింది రిటైరైన పోస్టుమాస్టరు.

ప్రార్థన గురించే అందరూ టెన్షన్ పడతారు. నన్నడిగితే అదే అన్నిటికన్నా తేలిక. పొద్దున బైబిల్లోని కీర్తనలు, లూకా సువార్తలోని జెకర్యా గీతం. సాయంత్రం కీర్తనలు, అదే సువార్తలోని మరియమ్మ గీతం. పూటకో పావుగంట. చదువురానివాళ్లకు మా సభ 1221 నాటి నియమాల్లోనే దారి చూపించారు: వేకువ ప్రార్థనకు బదులు 12 పరలోక జపాలు (‘పరలోకమందున్న మా తండ్రీ’ అనే ప్రార్థన), రోజులో మిగతా ఒక్కో ప్రార్థన వేళకు ఏడేసి. టైం లేదనేవాళ్లను ఒకసారి ఫోన్లో స్క్రీన్ టైం చూపించమనండి చాలు.

కానుక సంగతీ ఆ పాత నియమాల్లోనే ఉంది. నెలనెలా కలిసినప్పుడు ఒక్కొక్కరు ఒక్క మామూలు నాణెం కోశాధికారి చేతిలో పెట్టాలి, ఆయన దాన్ని పేద సభ్యులకు, జబ్బుపడ్డవాళ్లకు పంచాలి. 1978లో ఆరవ పౌలు పోపుగారు ఆమోదించిన ఇప్పటి నియమావళి ‘శక్తి కొద్దీ ఇవ్వండి’ అని ఊరుకుంది. మా దగ్గర కవరు మీద పేరు రాయం. నాకు ఈ పద్ధతి ప్రాణం, ఎందుకంటే మన గుళ్ల సంగతి మీకు తెలుసు. ఫ్యాను ఇస్తే మూడు రెక్కల మీదా దాత పేరు. తిరిగేటప్పుడు కనబడదని కాబోలు, కింద గోడ మీద మళ్లీ రాయిస్తారు. పండగ రోజు పూజ కన్నా మైకులో చదివే దాతల జాబితా పొడుగు. తన పేరు చదవడం మర్చిపోయారని ఒకాయన రెండేళ్లు గుడి మెట్టెక్కలేదు. సరే, ఇది మొదలుపెడితే నేను ఆగను.

అసలు చిక్కు సేవ దగ్గర వస్తుంది. అదీ మీరనుకునే చిక్కు కాదు.

మేం నెలలో రెండు ఆదివారాలు పెద్దాసుపత్రికి వెళ్తాం. తోడు లేని రోగులకు గడ్డం గీయడం, గోళ్లు తీయడం మా పని. మొదటిసారి నాకు దొరికింది కాలికి కట్టుతో ఉన్న ఒక ముసలాయన. గోళ్లు గవ్వల్లా గట్టిపడి ఉన్నాయి. మగ్గులో గోరువెచ్చని నీళ్లు తెచ్చి వేళ్లు నానబెట్టాను. స్నానం చేసి ఎన్నాళ్లయిందో, నేను ఊపిరి బిగబట్టే కూర్చున్నాను. “ప్రార్థన చెయ్యనా తాతా?” అన్నాను. “ముందు ఆ కిటికీ మూసిరా, ఎండ మొహాన కొడతంది” అన్నాడు. మూసొచ్చాను. “నువ్వేం పని జేత్తావయ్యా?” అన్నాడు. మాస్టార్నన్నాను. “అదీ సంగతి. చెవి మెలేసినట్టే పట్టుకున్నావు వేలు.”

పది వేళ్లూ అయ్యాక దిండు కింద నుంచి కాగితంలో చుట్టిన బన్ను తీశాడు. పొద్దున ఆసుపత్రిలో ఇచ్చింది దాచుకున్నాడు. రెండు ముక్కలు చేసి పెద్దది నాకిచ్చాడు. “వద్దు తాతా, తినొచ్చాను” అన్నాను. నిజంగానే తినొచ్చాను, ఇంట్లో ఆ రోజు పెసరట్టు.

“నా చేతిది తినవా?” అన్నాడు.

ఆ మాట మన ఊళ్లలో ఎంత బరువో చెప్పక్కర్లేదు. మా తాత చేతి నీళ్లు కూడా ఊళ్లో ఎవరూ తాగని రోజుల సంగతులు వింటూ పెరిగినవాణ్ని నేను. అలాంటిది, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆ మాట పడే వైపు నేను కూర్చున్నాను.

తిన్నాను. కుష్ఠరోగుల మధ్యకు వెళ్లాక అంతకు ముందు చేదుగా ఉన్నది తీపిగా మారిందని ఫ్రాన్సిస్ గారు తన మరణశాసనంలో చెప్పుకున్నారు. నాకేమీ తీపిగా మారలేదు. బన్ను ఫినాయిల్ వాసన వేసింది. నమలలేక మింగాను, ఆయన చూస్తూనే ఉన్నాడు.

సర్వే ఏమీ చెయ్యలేదు గానీ, మూడో సభలోకి వచ్చి జారుకునేవాళ్లు ఇక్కడే జారుకుంటారని నా గట్టి నమ్మకం. ఇవ్వడానికి ఎవరైనా వస్తారు. పుచ్చుకోమంటేనే పారిపోతారు. మా పాలక పునీతురాలు, అంటే మా సభకు అండగా మేం తలచుకునే పునీతురాలు, హంగేరీ ఎలిజబెత్. రాజు కూతురు. భర్త పోయాక జర్మనీలోని మార్బుర్గ్‌లో ఆసుపత్రి కట్టించి, తన చేతుల్తో రోగులకు సేవ చేసి, 1231లో 24 ఏళ్లకే కన్నుమూసింది. ఆమె ఏమేం ఇచ్చిందో ప్రతి ప్రసంగంలో చెబుతారు. రోగుల దగ్గర ఏం పుచ్చుకుందో ఒక్కరూ చెప్పరు. పుచ్చుకునే ఉంటుంది, లేకపోతే వాళ్లు ఆమెను దగ్గరికి రానివ్వరు.

ఆ సాయంత్రం మామూలుగా మరియమ్మ గీతం చదువుతున్నాను. దేవుడు ఆకలిగొన్నవాళ్లను నింపాడు, ధనవంతుల్ని వట్టి చేతులతో పంపేశాడు అని ఉంటుంది కదా. రోజూ చదివేదే. కానీ ఆ రోజు పెసరట్టు మీద బన్ను కడుపులో బరువుగా ఉంది, ఇంతకీ నేను ఏ జాబితాలోకి వస్తానో లెక్క తేలలేదు.

ఇప్పుడు ఆసుపత్రికి వెళ్లే ఆదివారాలు ఇంట్లో టిఫిన్ తినకుండానే బయల్దేరుతున్నాను. మా ఆవిడ ఉపవాసం అనుకుంటోంది.