చలికాలం బండి పక్కన పెడితే బ్యాటరీ సంగతేంటి?

ప్రశ్న: చలి మొదలైతే మూడు నాలుగు నెలలు నా బైక్ బయటికి తీయనండి. పోయినసారి బ్యాటరీ దిగిపోకూడదని ప్రతి ఆదివారం ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేసేవాణ్ణి. అయినా చలి తగ్గాక సెల్ఫ్ కొడితే టక్ టక్ మంది తప్ప ఇంజిన్ తిరగలేదు. బ్యాటరీకి ఏడాదిన్నర కూడా కాలేదు, నేనెక్కడ తప్పు చేశానంటారు?

జవాబు: ఆ ఐదు నిమిషాల దగ్గరేనండి. చాలామంది మంచి ఉద్దేశంతోనే చేస్తారు, కానీ చల్లటి ఇంజిన్‌ని తిప్పడానికి సెల్ఫ్ మోటార్ గట్టిగా కరెంటు లాగేస్తుంది, ఐడిల్‌లో చార్జింగ్ అంతంతమాత్రం, పైగా హెడ్‌లైట్ కూడా వెలుగుతుంటే పోయింది తిరిగి రాదు, అంటే వారం వారం మీరే కొంచెం కొంచెం ఖాళీ చేశారన్నమాట. ఇంజిన్‌కీ మంచిది కాదు, పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తే లోపల పట్టిన తేమ ఆవిరవ్వదు. ఒకసారి ఆయిల్ క్యాప్ తీసి లోపలివైపు చూడండి, మీగడలాగా తెల్లగా పేరుకుని ఉంటే అది ఆ తేమే.

ఈసారి బ్యాటరీ బయటికి తీసేయండి. గడియారం, అలారం లాంటివి ఇగ్నిషన్ ఆపినా కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటాయి. తీసేటప్పుడు నెగటివ్ ముందు, ఎందుకంటే పాజిటివ్ విప్పేటప్పుడు స్పానర్ జారి ఛాసిస్‌కి తగిలినా షార్ట్ అవ్వదు. ఫుల్ చార్జ్ చేసి కొన్ని గంటలు వదిలేశాక వోల్టులు కొలిచే మల్టీమీటర్ పెడితే 12.6 నుంచి 12.8 వోల్టులు చూపించాలి, చార్జర్ తీసిన వెంటనే వచ్చే రీడింగ్ నమ్మకండి. నెలకోసారి చూసి 12.4కి వస్తే మళ్ళీ చార్జింగ్ పెట్టాలి. అంతకంటే దిగి అలాగే ఉండిపోతే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, ముదిరాక ఎంత చార్జ్ చేసినా పూర్తిగా కోలుకోదు. మీ బ్యాటరీ పోయింది బహుశా ఇలాగే.

కారు చార్జర్ మాత్రం తగిలించకండి. బ్యాటరీ సామర్థ్యం 8 ఏహెచ్ (ఆంపియర్-అవర్) అయితే 0.8 ఆంపియర్ చాలు, అంటే పదో వంతు. నిండగానే తనంతట తనే తగ్గించుకునే మెయింటైనర్ చార్జర్ అయితే ఇంకా నిశ్చింత. లిథియం బ్యాటరీకి దాని చార్జరే వాడాలి.

చల్లటి గదిలో పెట్టినా పరవాలేదండి, చలిలో చార్జ్ ఇంకా నిదానంగా దిగుతుంది. ప్రమాదమల్లా ఖాళీ బ్యాటరీకే, దాన్లో యాసిడ్ పలచబడి దాదాపు నీళ్ళలాగా అయిపోతుంది కాబట్టి గట్టి చలికి గడ్డకట్టి పెట్టె పగిలిపోవచ్చు. మూతలున్న రకమైతే డిస్టిల్డ్ వాటర్ లెవెల్ చూడండి, సీల్ చేసిందైతే తెరవద్దు.

ఇక బండికి, పెట్టేముందే ఆయిల్ మార్చండి, ట్యాంక్ నిండా పెట్రోల్ పోసి, అది పాడవకుండా ఉంచే స్టెబిలైజర్ కలిపి ఒక రౌండ్ తిప్పండి, కార్బ్యురేటర్ బండి అయితే గిన్నెలో పెట్రోల్ డ్రెయిన్ చేసేయండి. టైర్లలో గాలి సరిగ్గా పెట్టి, గాలాడే కవర్ కప్పండి, ప్లాస్టిక్ షీట్ కప్పితే లోపలే చెమర్చి తుప్పు పడుతుంది.

మళ్ళీ బిగించేటప్పుడు టెర్మినల్స్ మీద తెల్లగానో నీలంగానో పొడి ఉంటే వంటసోడా నీళ్ళతో తుడిచి ఆరనిచ్చి, పాజిటివ్ ముందు, నెగటివ్ చివర.