కన్ను లేని కోడిపిల్ల: తప్పు మొదటి మూడు రోజుల్లోనే

ప్రశ్న: చిన్న ఇంక్యుబేటరులో 60 నాటుకోడి గుడ్లు పెట్టాను. పుట్టిన పిల్లల్లో రెండింటికి ఒక కన్ను లేదు, ఒకదానికి రెండూ లేవు. ఇది అంటువ్యాధా? మందు వేయాలా?

జవాబు: కనుగుడ్డే లేకుండా పుట్టాయంటే అంటువ్యాధి కాదు, మిగతావాటికి సోకదు. మందుకు డబ్బు పెట్టకండి. కన్ను ఉండి, వాచి నీరు కారుతుంటే మాత్రం వెంటనే పశువైద్యుడికి చూపించండి.

పిల్ల 21వ రోజున బయటికి వచ్చినా, దాని కన్ను మొదలయ్యేది రెండో రోజే. సుమారు 30 గంటలకు పిండం మెదడు ముందుభాగం నుంచి రెండు పక్కలకూ చిన్న బుడగలు పొంగుతాయి. అవి ఆనుకున్న చోట పైచర్మం మందమై, గుంటపడి, కంటి కటకంగా మారుతుంది. బుడగ కూడా గిన్నెలా లోపలికి ముడుచుకుని కంటి లోపొర అవుతుంది. లోపలి చెవికి గుంటలు పడేదీ ఇంచుమించు అప్పుడే. అయిదో రోజు రాత్రి చీకట్లో గుడ్డు మొద్దు కొనకు ఫోను లైటు ఆనించి చూడండి. సాలెగూడులాంటి ఎర్రటి రక్తనాళాల నడుమ ఒక నల్లటి చుక్క మెల్లగా ఊగుతుంటుంది. చాలామంది దాన్ని గుండె అనుకుంటారు. అది కన్ను!

కన్ను రూపుదిద్దుకునే ఆ మొదటి మూడు రోజుల్లో వేడి ఎక్కువైతే కన్ను సరిగా ఏర్పడదు. మీ విషయంలో నా మొదటి అనుమానం దానిమీదే. చల్లటి గుడ్లు పెట్టగానే పెట్టెలో ఉష్ణోగ్రత పడిపోతుంది; కంగారుపడి దాన్ని పెంచేస్తాం. గుడ్లు వేడెక్కాక అది హద్దు దాటుతుంది. ఈసారి ఒక రోజు ముందే ఖాళీ పెట్టెను నడపండి. గుడ్లను కొన్ని గంటలు గదిలో ఉంచి, తర్వాత పెట్టండి. ఉష్ణోగ్రత తగ్గినట్టు కనిపించినా మీట ముట్టుకోకండి, దానంతట అదే కోలుకుంటుంది. ఫ్యాను ఉన్న పెట్టెలో 37.5 నుంచి 37.8 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. థర్మామీటరు గుడ్ల ఎత్తులోనే ఉండాలి. దాని లెక్కను మరో మంచి థర్మామీటరుతో సరిచూసుకోండి.

వేడి సరిగా ఉన్నా మళ్లీ ఇలాగే జరిగితే వంశపారంపర్య లోపం కావచ్చు. గుడ్డు మీద పెన్సిలుతో ఏ పెట్టదో గుర్తు రాయండి. ఒకే పెట్ట గుడ్లలో వస్తుంటే దాన్నీ, దానికి జతకట్టిన పుంజునూ పొదుగు గుడ్లకు వాడకండి.

ఒంటికన్ను పిల్లలు మేత వెతుక్కుని పెరుగుతాయి. రెండు కళ్లూ లేనిదాన్ని విడిగా ఉంచి, మేతా నీళ్లూ ముక్కుకు అందేంత దగ్గరలో పెట్టండి. అయినా తినలేకపోతే, దాన్ని బాధపడనివ్వకుండా ఏం చేయాలో పశువైద్యుడిని అడగండి.