రిపోర్టులో బరువు చూసి బెంగపడిన అమ్మాయికి

అమ్మడూ,

ఫోనులో చెబితే సగం విని మిగతా సగం ఏడుస్తావు, అందుకే రాస్తున్నాను.

34 వారాలు నిండినా బిడ్డ 32 వారాలంతే ఉందని, బరువు 1.9 కిలోలని స్కాను రిపోర్టు ఇచ్చారు, అదే కదా నీ బాధ! ఆ యంత్రం బిడ్డను కాటా వేయదమ్మా. తల, పొట్ట చుట్టుకొలతలు, తొడ ఎముక పొడవు తీసుకుని లెక్క కడుతుంది. కల్లంలో కుప్ప చూసి మీ పెదనాన్న ఎన్ని బస్తాలో చెప్పేవారు, గుర్తుందా? కాటా దగ్గర ఆయన లెక్క తప్పిన ఏడాదులూ ఉన్నాయి. స్కాను బరువూ పది, పదిహేను శాతం అటూ ఇటూ అవుతుంది. నీ 1.9 అసలు 1.6 కావచ్చు, 2.2 కావచ్చు. పేచీ ఎక్కువగా పొట్ట కొలతతోనే. బిడ్డ వంగి పడుకున్నా, కొలిచే చెయ్యి కాస్త జరిగినా అది మారిపోతుంది. బరువు లెక్క తేలేది ప్రధానంగా దాని మీదే.

వారాలు తేల్చేది మాత్రం మూడో నెల స్కాను. అప్పుడు తేడా వారం లోపే ఉంటుంది, ఇప్పుడైతే మూడు వారాల దాకా పోతుంది. ఈ రిపోర్టు చూసి కాన్పు తేదీ మారుద్దామంటే ఒప్పుకోకు. అలా మారిస్తే నిజంగా ఎదగని బిడ్డ కూడా సరిగ్గా ఉన్నట్టే కనబడుతుంది.

అమలాపురంలో ఒక స్కాను, పాలకొల్లులో ఒకటి అని తిరగకు. మొదట తీసినచోటే, రెండు మూడు వారాలు ఆగి తీయించు. వారానికే తీయిస్తే పెరుగుదల ఎంతో, పొరపాటు ఎంతో ఎవరికీ తెలియదు. మీ అత్తగారు పెట్టే పూతరేకులతో బిడ్డ బరువు పెరగదు, తినాలనిపిస్తే ఒకటి తిను.

అంచనాయే కదా అని కొట్టిపారేయకు కూడా. కాన్పుల గదిలో పనిచేసిన రోజుల్లో 2.3 అన్న బిడ్డ 2.6 పుట్టడం చూశాను, చిన్నదన్న బిడ్డ నిజంగానే చిన్నదిగా పుట్టడమూ చూశాను. బొడ్డుతాడులో రక్తప్రవాహం చూసే డాప్లర్ పరీక్ష, ఉమ్మనీరు, నీ బీపీ ఎలా ఉన్నాయో డాక్టరమ్మను అడుగు. కదలికలు తగ్గినట్టు అనిపిస్తే తెల్లవారే దాకా ఆగకు, రాత్రయినా ఆసుపత్రికి వెళ్లు.

మూడో నెల స్కాను కాగితం మీ అమ్మ బీరువాలో ఉంది. ఈసారి వెళ్లేటప్పుడు తీసుకెళ్లు.

మీ పెద్దమ్మ