మళ్ళీ మునగాలా అమ్మగారూ?

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. మాదండి, రాజోలు దగ్గర పల్లెటూరు. మా ఆయన కొబ్బరి దింపు తీసేవారు. ముప్పై ఏళ్ళు మందిరం గడప తొక్కలేదు. పోయినేడు కాలేయం చెడిపోయి మంచాన పడ్డాక ప్రభువును నమ్ముకున్నారు. ఆదివారం బాప్తిస్మం ఇద్దామన్నారు మా అయ్యగారు. శుక్రవారం తెల్లారకుండానే పోయారు. ఇప్పుడు మా అమ్మాయికి సంబంధం కుదిరింది. పిల్లాడు మంచివాడు. వాళ్ళ సంఘం పాస్టరుగారు మాత్రం, పసిబిడ్డప్పుడు చిలకరించిన నీళ్ళు బాప్తిస్మం కాదు, అమ్మాయి మళ్ళీ మునగాల్సిందే, మునగనివాళ్ళకి రక్షణే లేదు అంటున్నారండి. పిల్ల సంగతి అలా ఉంచండి. మరి మా ఆయన ఎక్కడున్నట్టండి?
– ఒక సోదరి, కోనసీమ

జవాబు: చెల్లెమ్మా, మీ ఉత్తరంలో చివరి మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ముందు దానికే జవాబు చెబుతాను.

యేసు పక్కన సిలువ మీద వేలాడిన దొంగ ఏ నీళ్ళలో మునిగాడు? దోచుకున్నది తిరిగి ఇచ్చే వీలు లేదతనికి. ఒక్క ఆదివారం ఆరాధనకు వెళ్ళే వీలు లేదు. నన్ను జ్ఞాపకం చేసుకో అని అడగగలిగాడు, అంతే. 'నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు' అన్నాడు ప్రభువు. మీ ఆయనకు ఆదివారం దాకా గడువు దొరకలేదు. ఆ దొంగకూ దొరకలేదమ్మా. అతను పోయిందీ శుక్రవారమే.

ఆ పాస్టరుగారు మార్కు సువార్త పదహారో అధ్యాయం చూపిస్తారు. నమ్మి బాప్తిస్మం పొందినవాడు రక్షింపబడతాడని అక్కడ ఉన్నమాట నిజమే. అదే వచనం రెండో సగం కూడా చదవమనండి. శిక్ష నమ్మనివాడికని ఉంది గానీ, మునగనివాడికని లేదు. అలాగని బాప్తిస్మం తీసేయదగ్గది కాదు. రోమా సైనికాధికారి కొర్నేలీ ఇంట్లో వాళ్ళు ముందు పరిశుద్ధాత్మను పొందారు, ఆ తర్వాతే పేతురు వాళ్ళకు బాప్తిస్మం ఇమ్మన్నాడు. వరం ముందు, నీళ్ళు వెనక. ఎఫెసీ పత్రికలో పౌలు రాసిందీ అదే: విశ్వాసం ద్వారా కృపచేతనే రక్షణ, అది మనవల్ల కలిగింది కాదు, దేవుని వరమే. మీ ఆయన ఆ వరం అందుకున్నాకే కన్నుమూశారు. సందేహపడకండి.

ఇక అమ్మాయి సంగతి. ఇది చెప్పాలంటే నా కథ కొంచెం చెప్పాలి. నేను పుట్టింది నరసాపురం దగ్గర, నమ్మినవాళ్ళనే ముంచే బ్రదరన్ సంఘపు కుటుంబంలో. 1836లో మన దేశానికొచ్చిన బౌడెన్, బీర్ దొరల సేవ వల్ల వాక్యం విన్న ఊళ్ళలో మాదొకటి. పదహారో ఏట నన్ను కాలువలో ముంచారు. గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చిన రోజులు. నా తెల్ల ఓణీ ఆ రంగు మళ్ళీ వదల్లేదు. ఆ ఓణీ ఇప్పటికీ పెట్టెలో ఉంది. మునగడాన్ని తక్కువ చేసి మాట్లాడే మనిషిని కాను నేను. ముంచే సంఘాల పెద్దలు కూడా చాలామంది రక్షణ నీళ్ళలో ఉందని చెప్పరు. నమ్మినవాళ్ళు లోకం ఎదుట ఇచ్చే సాక్ష్యం అంటారు. మా నాన్న అలాగే చెప్పేవారు.

నన్ను పసిబిడ్డలకు చిలకరించే లూథరన్ సంఘం అయ్యగారికిచ్చి రాజమండ్రి వైపు పెళ్ళి చేశారు. పెళ్ళి ఆరాధనలో ప్రభురాత్రి భోజనం, అంటే ప్రభువు పేరిట రొట్టె, ద్రాక్షారసం పంచుకోవడం, పెట్టారు. మా అమ్మ లేచి రాలేదు. చిలకరించేవాళ్ళ బల్ల అది, నేను ముట్టను అంది. కోపంతో కాదు, భయంతో అంది. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు బతికింది. ఇద్దరం ఒకే కంచంలో పులస ముక్క పంచుకు తిన్నాం. ప్రభువు రొట్టె మాత్రం ఒక్కసారి కూడా కలిసి తినలేదు.

అందుకే గలతీ పత్రిక రెండో అధ్యాయం నాకు మిగతా పత్రికల్లాంటిది కాదు. విశ్వాసం వల్లనే నీతిమంతులమవుతామన్న మాట అక్కడ ఏ సందర్భంలో వచ్చిందో చూడండి. పంక్తి భోజనం దగ్గర వచ్చింది! అంతియొకయలో పేతురు అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్ళతో, కలిసి కూర్చుని తింటున్నాడు. యాకోబు దగ్గరి నుంచి కొందరు రాగానే సున్నతి తప్పదనే యూదులకు భయపడి పక్కకు తప్పుకున్నాడు. బర్నబా కూడా అతని వెంటే లేచాడు. వాళ్ళు యేసును కాదనలేదు, సిలువను కాదనలేదు, పంక్తి మార్చారంతే. పౌలు దాన్ని మర్యాద లోపంగా చూడలేదు. సువార్త సత్యానికే అడ్డమొచ్చిందని అందరి ఎదుటా నిలదీశాడు. కృపకు మనమొక షరతు తగిలిస్తే, ఆ షరతు తీర్చనివాళ్ళు మన పంక్తిలోంచి లేవాల్సివస్తుంది. అప్పుడు సున్నతి అన్నారు, ఇప్పుడు మునక అంటున్నారు.

అమ్మాయితో ఇలా చెప్పండి. వాక్యం చదివి, ప్రార్థించి, తన మనస్సాక్షే మునగమంటే మునగనివ్వండి, ఎవరూ అడ్డుపడకూడదు. పెళ్ళి జరగడానికి మునిగితే మాత్రం అది కట్నంలో ఒక పద్దవుతుంది. అంతకంటే ముఖ్యం, అలా మునిగితే తండ్రికి రక్షణ లేదన్న మాటకు సంతకం పెట్టినట్టే. తను ఎందుకు అలా మునగలేదో పిల్లాడికి అమ్మాయే నోరు విప్పి చెప్పాలి. మంచివాడన్నారుగా, వింటాడు. ముహూర్తం పెట్టుకోకముందే ఇద్దరు పాస్టర్లనూ మీ ఇంట్లోనే కూర్చోబెట్టండి.

ప్రశ్న: మా ఊళ్ళో ఆరు మందిరాలున్నాయి. క్రిస్మస్‌కి ఆరు స్టేజీలు, ఆరు మైకులు. ఐక్యత అంటే అందరం ఒకే సంఘంలో చేరిపోవాలా?
– డిగ్రీ విద్యార్థి, మండపేట

జవాబు: బాబూ, చేరినవాళ్ళున్నారు. 1919లో తమిళనాడులోని తరంగంబాడిలో కొందరు సంఘ సేవకులు కూర్చుని, మన చీలికలు మనం పెట్టుకున్నవి కావు, బయటినుంచి వచ్చి మన మీద పడ్డవి అని ఒప్పుకున్నారు. దోర్నకల్ బిషప్ అజరయ్యగారు వాళ్ళలో ముఖ్యులు. ఏ ఊరికి ఏ దొర వచ్చాడో దాన్నిబట్టే ఆ ఊరి సంఘం పేరు వచ్చింది మరి. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ వాళ్ళు కలిసి సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) అయ్యేసరికి 28 ఏళ్ళు పట్టింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కేథడ్రల్లో ఆ కలయిక జరిగింది. అజరయ్యగారు 1945 జనవరి 1నే పోయారు, చూడలేకపోయారు.

ఆ కలయికలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి చెబుతాను. బిషప్పుల చేత అభిషేకం పొందని పాదిరీలు వందల మంది ఉన్నారు. వాళ్ళకు మళ్ళీ అభిషేకం చేయాలని ఎన్నేళ్ళు వాదించుకున్నా, చివరికి ఎవరికీ మళ్ళీ చేయలేదు. ఉన్నవాళ్ళను ఉన్నట్టే చేర్చుకున్నారు. 1970లో నాగపూర్‌లో ఉత్తరాది సంఘాలు కలిసినప్పుడు, నమ్మినవాళ్ళకే బాప్తిస్మమిచ్చే బాప్టిస్టులూ వచ్చారు. పసిబిడ్డలకిచ్చే బాప్తిస్మం, నమ్మాక ఇచ్చే బాప్తిస్మం, రెండూ ఒకే సంఘంలో ఉండొచ్చని ఒప్పుకున్నారు. పైన కోనసీమ చెల్లెలి ఉత్తరం చదివావుగా, అది ఎంత పెద్ద మాటో నీకే తెలుస్తుంది. మా లూథరన్లు 1947లో చేరలేదు. అది నాకు ఇప్పటికీ బాధే.

మీ ఆరు మందిరాల్లో ఎన్ని సిద్ధాంతం వల్ల వేరయ్యాయో, ఎన్ని పేటల వల్ల వేరయ్యాయో ఒకసారి నిజాయితీగా లెక్కపెట్టు. సిద్ధాంతం కోసం విడిపోయినవాళ్ళు కనీసం వాక్యం తెరిచి మాట్లాడుకోగలరు. ఆ పేట వాళ్ళ గిన్నెలో తాగను అని విడిపోయినవాళ్ళు ఏ వచనం తెరుస్తారు? అంతియొకయ తప్పు మన దగ్గర ఎక్కువగా ఈ రూపంలోనే ఉంది. ఇది రాస్తే నాకు కోపంగా ఉత్తరాలొస్తాయి, రానివ్వండి.

ముందు ఒక్క పని చెయ్యి. ఈస్టరు ముందు సమాధుల తోటలో గడ్డి కోసి, సున్నం వేస్తారుగా. ఈసారి ఆరు సంఘాల కుర్రాళ్ళూ కలిసి వెళ్ళండి. ఎవరి వాళ్ళ సమాధులకు వాళ్ళు కాకుండా, ఆ వరస మొదటి నుంచి చివరిదాకా అందరూ సున్నం వేయండి.

ప్రశ్న: మా వదిన ఆర్.సి.ఎం. (రోమన్ కేథలిక్) చర్చికి వెళ్తుంది. వాళ్ళు క్రియల వల్ల రక్షణ అంటారు కదా, ఆమెతో కలిసి ప్రార్థన చేయొచ్చా?
– పాలకొల్లు పాఠకురాలు

జవాబు: చేయొచ్చమ్మా. 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో కేథలిక్కులూ లూథరన్లూ కలిసి సంతకాలు పెట్టిన ప్రకటనలో, మన యోగ్యత ఏమీ లేకుండా, కృపవల్లనే, క్రీస్తునందలి విశ్వాసంతో దేవుడు మనల్ని అంగీకరిస్తాడని ఉంది. 2006లో మెథడిస్టులు కూడా దాంతో ఏకీభవించారు. క్రియలు లేని విశ్వాసం మృతమని యాకోబు అన్నాడు, దాన్ని మనమూ కాదనం. కాయ లేని కొబ్బరిచెట్టును చూసి వేరు చచ్చిందని అనుకుంటాం గానీ, కాయలు తెచ్చి కడితే వేరు బతుకుతుందని అనుకోం కదా. ఈసారి వదిన ఇంటికి వెళ్ళినప్పుడు భోజనం ముందు ప్రార్థన ఆమెనే చేయమనండి.