పెరటి పక్షుల జాబితా ఎలా రాసుకోవాలి? పైనుంచి ఎగిరిపోయేవీ లెక్కలోకి వస్తాయా?

మీరు అడిగినవి మూడు. ఇంటి మీదుగా ఎగిరిపోయిన పక్షినీ పక్కింటి చెట్టు మీద వాలిన పక్షినీ మన పెరటి జాబితాలో రాసుకోవచ్చా, పేరు తెలియనివాటిని ఏం చెయ్యాలి, కెమెరా లేకుండా కుదురుతుందా అని. మూడోదానికి జవాబు ముందే చెప్పేస్తాను: కుదురుతుంది. నా దగ్గర ఇప్పటికీ కెమెరా లేదు. 8×42 బైనాక్యులర్ ఒకటి, పాలలెక్క రాసుకునే లాంటి పొడుగు నోటుపుస్తకం ఒకటి, అంతే.

మాది గుంటూరు శివార్లలో చిన్న ఇల్లు. వెనక మునగ, జామ, కరివేపాకు, ప్రహరీ వారన పచ్చగన్నేరు, ముందువైపు మందారాలు, ఒక అంజూర. కొన్నేళ్లుగా రాస్తున్నాను, జాబితా డెబ్బై రకాలు దాటింది. అందులో సగానికి పైగా మొదటి ఏడాదిలోనే వచ్చేస్తాయి. ఆ తర్వాత నెలల తరబడి కొత్త పేరు ఒక్కటీ చేరదు. చాలామంది అక్కడే పుస్తకం మూసేస్తారు. ఎందుకు మూయకూడదో కిందకి వచ్చాక చెబుతాను.

ముందు హద్దు సంగతి. ఇలాంటి జాబితాలు రాసేవాళ్లలో ఎక్కువమంది పద్ధతి ఏమిటంటే, మనం మన ప్రహరీ లోపల ఉండాలి, పక్షి ఎక్కడున్నా ఫరవాలేదు. ఎదురింటి కొబ్బరిచెట్టు మీద ఉన్నా, నడినెత్తిన గిరికీలు కొడుతున్నా, మీ గడపలోంచి చూసి గుర్తుపట్టగలిగితే అది మీ లెక్కే. కొందరు మరీ నిష్ఠగా ఉంటారు, పెరట్లో కాలు మోపితేనే రాస్తారు. ఏది పెట్టుకున్నా మీ ఇష్టం, కానీ మంచి పక్షి కనపడింది కదా అని మధ్యలో నియమం మార్చకండి. నేను మాత్రం పేజీని రెండు గళ్లు చేశాను: "దిగినవి", "దాటినవి". మా ఊరికి అది అవసరం. గుంటూరు పక్కనే ఉప్పలపాడు చెరువు ఉంది. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు అక్కడ చెరువు మధ్య చెట్ల మీద గూళ్లు పెడతాయి. చలికాలం పొద్దున్నే డాబా మీద బట్టలు ఆరేస్తుంటే అవి మేతకు పోతూ మా నెత్తిమీదుగానే వెళ్తాయి. అంత పెద్ద గూడబాతు రెక్క ఆడించకుండా తేలిపోతుంటే చూసి రాయకుండా ఉండమంటే నావల్ల కాదు. అలాగని మా పెరట్లో గూడబాతు ఉందంటే విన్నవాళ్లు నవ్వుతారు. రెండు గళ్లతో ఆ పేచీ తీరిపోయింది.

కళ్లతో చూడకుండా గొంతు మాత్రమే విన్నవీ రాసుకోవచ్చు, పక్కన "వి" అని గుర్తు పెట్టుకోండి. పొదల్లోంచి బయటికి రాని పిట్టలు బోలెడు. శీతాకాలంలో మందార గుబురులోంచి చెక్, చెక్ అని ఆగి ఆగి వినిపిస్తుందే, అది తూర్పు యూరప్, మధ్య ఆసియా వైపు నుంచి వచ్చే బ్లైత్స్ రీడ్ వార్బ్లర్. మట్టిరంగు పిట్ట, కనిపించినా గుర్తుపెట్టుకునేందుకు ఏమీ ఉండదు. గొంతే దాని ఊరూ పేరూ. అయితే చెవిని మరీ నమ్మకండి. జాలెడేగ అరుపు వినపడగానే గబుక్కున రాసేయకుండా కాసేపు చూడండి. ఏట్రింత, అదే తోక చీలిన నల్లపిట్ట, కొందరు పసులపోలిగాడు అంటారు, అది జాలెడేగ గొంతు అచ్చు దించేస్తుంది. నేలమీద పురుగులు ఏరుకుంటున్న గోరువంకలు డేగ వచ్చిందని బెదిరి లేస్తాయి, ఇది దిగి వాటి తిండి లాక్కుంటుంది. ఫోన్లో గొంతు విని పేరు చెప్పే మెర్లిన్ యాప్ కూడా ఇలాంటి దొంగగొంతులకు దొరికిపోవచ్చు. యాప్ వాడొద్దనడం లేదు, నేనూ వాడతాను. అది చెప్పిన పేరు ఒక ఊహ అనుకుని, పక్షి కోసం తల ఎత్తి వెతకండి.

ఇక పేరు తెలియనివాటి గురించి. మూడు కొలతలు పెట్టుకోండి: పిచ్చుకంత, గోరువంకంత, కాకంత. కొత్త పిట్ట వీటిలో దేనికి దగ్గరో ముందు తేల్చండి. తర్వాత ముక్కు సన్నమా మొద్దా, తోక ఎత్తి ఉందా వేలాడుతోందా, నేలమీద గెంతుతోందా నడుస్తోందా, కొమ్మల్లో ఏం చేస్తోంది. రంగు ఆఖరున. ఇదంతా ఫోన్ తీయకముందే కాగితం మీద పెట్టాలి. ఫొటోలు చూశాక మన జ్ఞాపకం వాటికి తగ్గట్టు మారిపోతుంది, కనుబొమ్మ మీద తెల్లగీత ఉన్నట్టే అనిపిస్తుంది. ఎంతకీ తేలకపోతే "తెలియని పిట్ట, పిచ్చుకంత, ఆలివ్ రంగు, జామ" అని రాసి వదిలేయండి. పుస్తకంలో అలాంటి గళ్లు ఉండటం నామోషీ ఏం కాదు.

ఒకే పక్షిని రెండుగా లెక్కపెట్టకుండా చూసుకోండి. కోకిలలో మగది నిగనిగలాడే నలుపు, ఆడది గోధుమరంగు మీద తెల్ల చుక్కలు, చారలు. తెలియనివాళ్లకి రెండూ వేరు వేరు పక్షులే. తేనెపిట్టల్లో ఊదారంగు మగది ఇంకా మోసగాడు. గుడ్ల కాలంలో ఒళ్లంతా నలుపు కలిసిన ఊదా, ఎండలో మెరుస్తుంది. ఆ కాలం అయిపోయాక వేషం మార్చి, పసుపుపచ్చ పొట్ట మీద గొంతు నుంచి కిందికి ఒక్క నల్లచార మిగుల్చుకుంటుంది. మునగ పూతకు వచ్చినప్పుడు కుర్చీ వేసుకుని కూర్చుంటే తేనెపిట్టల వేషాలన్నీ ఒక్క చెట్టు మీదే చూడొచ్చు.

మా ఇంట్లో నాకంటే పెద్ద పక్షిశాస్త్రవేత్త మా అత్తయ్య. ఆవిడకి ఇంగ్లీషు పేర్లు ఒక్కటీ రావు. ఓసారి గోడ మీద తోక నిక్కించి ఈలవేస్తున్న నలుపూ తెలుపూ పిట్టను చూపించి "ఇదేంటత్తయ్యా?" అన్నాను. "పెద్ద నలంచేగా అది, తెలీదూ? చిన్నది పొలంగట్ల మీద ఉంటుంది, ఇంట్లోకి రాదు" అంది కూర తరుగుతూ. నలంచి, పిగిలిపిట్ట (బుల్‌బుల్), జీనువాయి (మునియా), కూకుడుగువ్వ, పైడికంటె, వంగపండు: ఈ పేర్లన్నీ ఆవిడ నోటివే. మీ ఇంట్లో డెబ్బై దాటినవాళ్లుంటే యాప్ కంటే ముందు వాళ్లని అడగండి. పాతతరం పేరును ఇంగ్లీషు పేరు పక్కనే రాసిపెట్టుకోండి, మీ తర్వాత అడగడానికి ఎవరూ ఉండకపోవచ్చు.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. కొత్త పేరు చేరిన రోజు మాత్రమే రాస్తే మీ పుస్తకం రెండేళ్లలో మూగపోతుంది. ప్రతి వారం ఒక పావుగంట ఒకే చోట కూర్చుని, కనపడ్డవన్నీ, కాకితో సహా, ఎన్ని ఉన్నాయో తేదీ వేసి రాయండి. సూర్యోదయం తర్వాత మొదటి రెండు గంటలు మంచివి. ఇలా ఒక చుట్టు ఋతువులన్నీ గడిచాక పుస్తకం తిరగేస్తే పెరటికి కూడా పంచాంగం ఉందని తెలుస్తుంది. వేసవి మొదలయ్యేసరికి కోకిల గోల మొదలవుతుంది. ఆ తర్వాత కొన్నాళ్లకు నోరు తెరిచి అరిచే కోకిల పిల్లకు కాకి మేత పెడుతుంటుంది. పచ్చగన్నేరు కాయలు మనిషికీ పశువుకీ విషం. కోకిల మాత్రం మా ప్రహరీ మీద కూర్చుని వాటిని నింపాదిగా మింగుతుంది. కరివేపాకు పండ్లు నల్లబడితే పిగిలిపిట్టలు వదలవు. వానలు తగ్గి చలిగాలి తిరిగాక జిట్టంగి తోక ఆడించుకుంటూ డాబా మీదికి వస్తుంది. అక్టోబరు, నవంబరు వైపు ఒకసారి, ఎండాకాలం చివర ఒకసారి పొన్నంగిపిట్ట దిగుతుందేమో చూడండి. ఆకుపచ్చ, నీలం, పొట్టకింద ఎరుపు, అన్ని రంగులున్న పిట్ట ఎండుటాకుల్లో నేలమీద గెంతుతుంటుంది. చలికాలానికి దక్షిణాదికి, శ్రీలంకకు పోతూ, గుడ్ల కాలానికి తిరిగి వెళ్తూ మధ్యలో అలిసి ఊళ్లలో పెరళ్లలోకి దిగిపోతుంది. తెల్లవారుజామునా సందెవేళా రెండు ముక్కల ఈల వేస్తుంది. అరవ దేశంలో దాన్ని ఆరు గంటల పిట్ట అంటారు. దాన్ని కలుసుకోవాలంటే ఆ వారాల్లో మీరు ఇంట్లో ఉండాలి, కళ్లు నేలమీద ఉండాలి.

మామూలు పక్షుల లెక్క ఎవరికి కావాలి అంటారేమో. 2023లో వచ్చిన "స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్" నివేదిక 942 జాతుల పరిస్థితి తేల్చింది. దానికి ఆధారం మనబోటివాళ్లు ఈబర్డ్ అనే పక్షుల లెక్కల వెబ్‌సైట్‌లో ఎక్కించిన లెక్కలే. అందులో కోకిల బాగా పెరిగిందనీ, పాలపిట్ట బాగా తగ్గిందనీ తేలింది. దసరానాడు చూస్తే మంచిదని వెతుక్కుంటామే, తెలంగాణ రాష్ట్రపక్షి, ఆ పాలపిట్టే. ఒకప్పుడు కరెంటుతీగ మీద దాన్ని చూసి ఎవరూ తేదీ రాసుకోలేదు. ఊరపిచ్చుక సంగతి అంతకుముందు 2020 నివేదికలో వచ్చింది: దేశం మొత్తం మీద దాదాపు నిలకడగానే ఉంది, తగ్గింది పెద్ద నగరాల్లో. రోజూ కనపడేదాన్ని రాసినవాళ్లు ఉన్నారు కాబట్టే ఆ మాట చెప్పగలిగారు. మీరూ ఈబర్డ్‌లో రాయాలనుకుంటే, చూసిన రకాలన్నీ రాశానని టిక్కు పెట్టండి, సంఖ్య ఇవ్వండి. ఇంటి స్థలానికి డోర్ నంబరుతో పేరు పెట్టకండి, వీధి పేరు కూడా వద్దు, ఊరూ పేటా చాలు. ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌తో మొదలుపెడితే పావుగంట చొప్పున అలవాటవుతుంది.

పక్షుల్ని రప్పించడానికి గింజలు చల్లాలా అని కూడా అడుగుతారు. నా మట్టుకు గింజలకంటే నీళ్లు మేలు. బియ్యం చల్లితే పావురాలు దిగి మిగతావాటిని తరిమేస్తాయి, తర్వాత ఆ రెట్టలు కడుక్కోలేక చావాలి. వసారాలో వరికంకుల కుచ్చు వేలాడదీస్తే పిచ్చుకలూ జీనువాయిలూ వస్తాయి, అది వేరు. నీళ్లకు మాత్రం రెండంగుళాల లోతుకు మించని మట్టిమూకుడు చాలు. నున్నటి ప్లాస్టిక్ గిన్నె అయితే కాళ్లు జారతాయి. రోజూ పారబోసి కొత్తనీళ్లు పోయాలి, లేకపోతే దోమల్ని పెంచినట్టే. తోకపిగిలిపిట్ట మా పెరట్లో దిగింది ఆ మూకుడు పుణ్యానే. నల్లతల మీద చిన్న జుట్టు, కంటి చుట్టూ నీలిరంగు వలయం, ఒళ్లంతా పాలతెలుపు, తోకలోంచి రిబ్బన్లలా వేలాడే రెండు ఈకలు. అది గట్టున కూర్చుని స్నానం చెయ్యదు. జామకొమ్మ మీంచి సూటిగా నీళ్లలోకి దూకి, తడిసీ తడవకముందే మళ్లీ అదే కొమ్మెక్కి, ఈకలు విదిల్చుకుని, మళ్లీ దూకుతుంది. ఆ తెల్ల ఈకలు తడిసి అంటుకుపోతే కుడి కాలితోనూ ముక్కుతోనూ విడదీసుకుంటూ ఎంతసేపు పట్టించుకుందో! ఆడపక్షికీ, లేత మగపక్షులకూ ఒళ్లు ఇటుకరంగు. అవి వచ్చినా పేరు ఒక్కటే రాయండి.

గూడు కనపడితే దూరం నుంచే చూడండి, కొమ్మలు పక్కకి వంచి ఫొటోలు తీయకండి. మనం ఎక్కడ తొంగిచూస్తున్నామో కాకి గమనిస్తూనే ఉంటుంది. మా అంజూర ఆకుల్లో లిక్కజిట్ట (ఆకులు కుట్టే టైలర్‌బర్డ్) గూడు కట్టిందని దాని కేకలు అణిగాక, ఆకు రాలాకే తెలిసింది. రాలిన ఆకు చేతిలోకి తీసుకుంటే అంచుల వెంట ముక్కుతో పొడిచిన బెజ్జాలు, వాటిలోంచి దూర్చిన దూది, సాలెపోగులు. బయటివైపు ప్రతి పోగు కొస విచ్చుకుని బెజ్జంలోంచి వెనక్కి జారకుండా నిలిచింది. ఆ ఆకు ఇప్పుడు నోటుపుస్తకంలో ఉంది.

పంజరంలోంచి తప్పించుకున్నవాటిని లెక్కలో వేయకండి. పక్కవీధి పిల్లాడి లవ్‌బర్డ్ ఒకటి పారిపోయి వచ్చి మా జామచెట్టు మీద పూటంతా కూర్చుంది. వాడు నిచ్చెనతో వచ్చాడు, దొరకలేదు. "ఆంటీ, మీ బుక్కులో రాస్తారుగా?" అని మాత్రం మర్చిపోకుండా అడిగాడు. ఆఖరి పేజీలో పెన్సిల్‌తో రాసి చూపించాను. లెక్కలో కలపలేదు, ఆ సంగతి వాడికి చెప్పలేదు.