క్లినిక్‌లోనే ఉండిపోతే కెరీర్ ఆగిపోయినట్టేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. ఈ ఏడాదితో నా ఫ్యామిలీ మెడిసిన్ పీజీ అయిపోతుంది. వైద్యం సరిగ్గా అందని వాళ్ల మధ్యే పనిచేయాలని మొదట్నుంచీ నా కోరిక. తోటివాళ్లేమో అక్కడ చేరితే ఎదుగూ బొదుగూ ఉండదు, పబ్లిక్ హెల్త్ చదివి పాలసీ వైపు వెళ్లిపో అంటున్నారు. ఇంట్లో చదువు అప్పు సంగతేంటని అడుగుతున్నారు. నా ముందు ఏ దారులున్నాయి?

జవాబు: డాక్టరమ్మ గారూ, నన్నడిగితే ముందు కొన్నేళ్లు క్లినిక్, మిగతావన్నీ దాంట్లోంచే పుట్టాలి. జూలియన్ ట్యూడర్ హార్ట్ గారినే తీసుకోండి, ఆయన బ్రిటన్‌లో, వేల్స్‌లోని ఒక బొగ్గుగనుల ఊళ్లో పాతికేళ్లకు పైగా ఫ్యామిలీ డాక్టర్, జబ్బు చేసి వచ్చినవాళ్లనే కాదు రానివాళ్లని కూడా పిలిపించి మరీ బీపీ చూసేవారు. వైద్యం ఎక్కడ ఎక్కువ అవసరమో అక్కడే తక్కువ దొరుకుతుంది అని 1971లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాసింది ఆయనే, దాన్నే ఇన్వర్స్ కేర్ లా అంటాం, ఇప్పటికీ పాలసీ వాళ్లు ఆ మాట చెప్పకుండా మీటింగ్ నడపలేరు. మరి ఆయన కెరీర్ ఆగిపోయిందంటారా?

అలాగే జాక్ గైగర్. ఈయన చదివింది ఫ్యామిలీ మెడిసిన్ కాదు గానీ మన దారికి పెద్దదిక్కు లాంటివారు. 1960లలో అమెరికాలోని మిసిసిపీలో హెల్త్ సెంటర్ పెట్టి, తిండిలేక నీరసించిన పిల్లలకి ప్రిస్క్రిప్షన్ మీద పాలు, కూరగాయలు, మాంసం రాసిచ్చారు, బిల్లు ఫార్మసీ లెక్కలో కట్టారు. ఇదేంటని పైవాళ్లు అడిగితే, పోషకాహార లోపానికి పుస్తకంలో ఉన్న మందు తిండే కదా అన్నారు. బావులు తవ్వించడం, మరుగుదొడ్లు కట్టించడం కూడా ఆ సెంటర్ పనే.

ఇక దారులంటారా, హెల్త్ సెంటర్‌లో చేరి మెల్లగా మెడికల్ డైరెక్టర్ అవ్వచ్చు, జైళ్లలో, శరణార్థుల దగ్గర, ఇల్లు లేనివాళ్ల కోసం పనిచేయొచ్చు, పీజీ చేస్తున్న రెసిడెంట్ డాక్టర్లకి పాఠాలు చెప్పొచ్చు, రీసెర్చ్ చేయొచ్చు. పాలసీ కూడా మంచిదే, కాకపోతే రోగి మందులు ఎందుకు మానేశాడో కళ్లారా చూసినవాళ్లు రాసే పాలసీకీ చూడనివాళ్లు రాసేదానికీ చాలా తేడా ఉంటుంది.

అప్పు మాత్రం తేలిగ్గా తీసుకోకండి, ఆ భారంతో ఆశయం నిలబడదు. డాక్టర్లు చాలని చోట పనిచేస్తే అప్పులో కొంత తీర్చే స్కీములు కొన్ని దేశాల్లో ఉన్నాయి, అమెరికాలో నేషనల్ హెల్త్ సర్వీస్ కోర్ అలాంటిదే, కనీసం రెండేళ్లు చేయాలి. సంతకం పెట్టేముందు మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో చదవండి.

ఇంకోటి, ఒంటరిగా వెళ్తే ఎంత మంచివాళ్లైనా అలిసిపోతారు. స్కాట్లాండ్‌లో బాగా వెనకబడిన ప్రాంతాల్లోని 100 క్లినిక్‌ల ఫ్యామిలీ డాక్టర్లు డీప్ ఎండ్ అని ఒక గుంపుగా కలిశారు, అలాంటి తోడు వెతుక్కోండి. ఇంటర్వ్యూలో జీతంతో పాటు రోజుకి ఎంతమందిని చూడాలి, సోషల్ వర్కర్ ఉన్నారా, వారంలో ఒక పూటైనా క్లినిక్ బయటి పనికి వదులుతారా అని అడగండి, వీలైతే మీకంటే ముందు అక్కడ చేసి వెళ్లిపోయిన డాక్టర్‌కి ఫోన్ చేసి ఎందుకు మానేశారో కనుక్కున్నాకే ఊ అనండి.